చంటిబిడ్డ గొంతులో కీచుశబ్దం: స్కోపు చేయించాలా, ఆగాలా?

పర్లాకిమిడి అమ్మమ్మ: మనవడికి రెండో నెల. పుట్టిన పది రోజుల నుంచి ఊపిరి పీల్చినప్పుడల్లా కీచుమంటోంది. ఏడిస్తే, వెల్లకిలా పడుకోబెడితే ఇంకా ఎక్కువ. ఇక్కడి డాక్టరుగారు లారింగోమలేసియా అన్నారు. స్వరపేటిక పైభాగం మెత్తగా ఉండి లోపలికి ముడుచుకుంటోందట, ఏడాదిన్నర, రెండేళ్ళకి దానంతటదే పోతుందట. అల్లుడు మాత్రం వైజాగ్ వెళ్ళి గొంతులోకి కెమెరా (స్కోపు) వేయించి చూడాల్సిందే అంటున్నాడు. పక్కింటావిడ ఆముదం పొయ్యమంటోంది.

రాయగడ నాన్న: మీ అల్లుడే కరెక్ట్. చూడకుండా జబ్బుకి పేరెలా పెడతారు? స్వరతంత్రి కదలకపోయినా, గొంతులో రక్తనాళాల గడ్డ ఉన్నా ఇలాగే మోగుతుంది.

గుణుపురం నర్సు: ఆముదం వద్దమ్మా, నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. నెబులైజర్ కూడా దీనికి పనిచెయ్యదు. గ్యాస్ మందు అందరికీ రాసేస్తున్నారు గానీ, పాలు కక్కుతూ బరువు పెరగని పిల్లలకి తప్ప పెద్దగా ఆధారం లేదు. బోర్లా పడుకోబెడితే శబ్దం తగ్గుతుంది, నిజమే. అయినా నిద్రలో వెల్లకిలానే ఉంచండి, బోర్లా నిద్ర ప్రాణానికే ముప్పు.

శబ్దం ఎంత గట్టిగా ఉందన్నది కాదు లెక్క. పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఆయాసపడుతున్నాడా? డొక్కలు ఎగరేస్తున్నాడా, మెడ కింద గుంట పడుతోందా? ఈ వయసులో రోజుకి 25-30 గ్రాములు పెరగాలి, పెరుగుతున్నాడా? ఇవన్నీ బాగుంటే ఆగొచ్చు. ఆపరేషన్ దాకా వెళ్ళేది పదిమందిలో ఒకరిద్దరే. ఇంకోమాట, ఆరేడు నెలల దాకా శబ్దం పెరుగుతుంది కూడా, కంగారుపడకండి.

రాయగడ నాన్న: సిస్టర్, అర్ధరాత్రి పెదాలు నీలంగా మారితే ఇక్కడ ఏ ఆసుపత్రికి పరిగెత్తాలి? ఘాట్‌రోడ్డు మీద అంబులెన్స్ ఎంతసేపు? పట్నంలో ఆగమనడం వేరు, మన దగ్గర ఆగమనడం వేరు.

గుణుపురం నర్సు: అది ఒప్పుకుంటా. దూరం ఉన్నవాళ్ళు త్వరగా చూపించుకోవడమే మంచిది. సన్నని స్కోపుతో ముక్కులోంచి చూడటం కొద్ది నిమిషాల పని, చాలావరకు మత్తు కూడా అక్కర్లేదు. కానీ వెళ్ళేముందు ఫోన్ చేసి చంటిపిల్లల సైజు స్కోపు ఉందో లేదో కనుక్కోండి. అది లేక తిప్పి పంపించినవాళ్ళని చూశాను. ఊపిరి ఆగినా, నీలంగా మారినా మాత్రం ఫోన్లూ వద్దు, స్కోపులూ వద్దు, దగ్గరున్న ఆసుపత్రికే.

పర్లాకిమిడి అమ్మమ్మ: పాలు బాగానే తాగుతున్నాడు, బరువు మాత్రం చూడలేదు. రేపు అంగన్‌వాడీలో తూకం వేయించి రాస్తాను.