టాంగ్, సాంగ్ రాజవంశాల కాలం చైనాలో అంత గొప్ప ఏందబ్బా?

కావలి కుర్రోడు: గ్రూప్స్‌కి చదువుతున్నా, నోట్స్‌లో స్వర్ణయుగం అని ఒక్క లైన్ రాసి వదిలేశారు. పరీక్షలు పెట్టి ఆఫీసర్లని తీసుకున్నారంటగా, రికమండేషన్లు లేకుండా ఎట్టా కుదిరింది?

మూలాపేట మామ: టాంగ్ (618–907) టైంలో పరీక్ష ఉన్నా పెద్దింటోళ్ళదే నడిచేది. సాంగోళ్ళు (960–1279) గట్టిగా బిగించారు తమ్ముడూ, ఆన్సర్ షీట్ మీద పేరు కనపడకుండా కాగితం అంటించేవాళ్ళు, అదీ చాలదని గుమాస్తాలు మొత్తం పేపర్ మళ్ళీ కాపీ రాసేవాళ్ళు, అంటే దిద్దేవాడికి చేతిరాత కూడా తెలీదు, మనోళ్ళు ఆన్సర్ షీట్‌కి వేసే కోడింగ్ దీని ముందు ఎంత! కాకపోతే ఏళ్ళ తరబడి కూర్చుని చదవాలంటే ఇంట్లో డబ్బుండాలి, ఆడోళ్ళకి అసలు ఎంట్రీనే లేదు.

కోవూరు రైతుబిడ్డ: పరీక్షల గోల సరే గానీ అన్నా, వడ్ల సంగతి ఎవరూ చెప్పరేంది? 1012లో వానల్లేక ఇబ్బందైతే ఝెన్‌జోంగ్ చక్రవర్తి చంపా విత్తనాలు తెప్పించి యాంగ్జీ నది కింది ప్రాంతాల్లో పంచాడు. చంపా అంటే ఇప్పటి మధ్య వియత్నాం. తొందరగా కోతకొచ్చే రకం, నీళ్ళు తక్కువైనా తట్టుకుంటది, చాలాచోట్ల రెండో పంటకి వీలైంది. మన నెల్లూరు మొలగొలుకుల వడ్లు ఎన్ని నెలలు పడతాయో మీకు తెలిసిందేగా. తిండి ఉంటేనే కదా ఊళ్ళు పెరిగేది.

ఒంగోలు గిత్త: కాగితం డబ్బు మర్చిపోయారు. చైనాలోని సిచువాన్‌లో ఇనప నాణేలు మొయ్యలేక వ్యాపారులు కాగితం రసీదులు మొదలెట్టారు, 1020ల్లో సర్కారు ఆ పని తనే తీసుకుంది. తర్వాత తర్వాత ఇష్టమొచ్చినట్టు అచ్చేసి విలువ పోగొట్టారు, అది వేరే కథ. మన మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకి రక్షణ ఇస్తామని కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం 1244, అప్పటికి చైనాలో దక్షిణ సాంగ్ (ఉత్తరం పోయాక దక్షిణాన మిగిలిన సాంగ్ రాజ్యం) నడుస్తా ఉంది, ఈ రెండూ కలిపి రాయి తమ్ముడూ మార్కులు పడతాయి.