ఖాళీగా ఉన్న ఇంటిని నాలుగైదు రోజులకు అద్దెకివ్వాలంటే ఎవరి పర్మిషన్ కావాలి?

కిటికీసీటు: సెలవులకు మేం ఊళ్లో లేనప్పుడు మా ఫ్లాట్ ఖాళీగానే ఉంటుంది. టూరిస్టులకు ఇద్దామని ఆలోచన. బుకింగ్ సైట్ లిస్టింగ్ పెట్టుకోనిస్తోంది కదా, ఇంకేమైనా కావాలా?

మూడోఅంతస్తు: సైట్ పెట్టుకోనిచ్చినంత మాత్రాన చాలదండీ. నేను నగరపాలక సంస్థలో రిజిస్టర్ చేయించి, ఆ నంబరు లిస్టింగ్‌లో వేసి, అంతా పద్ధతిగానే ఉందనుకున్నాను. రెండో బుకింగ్‌కే అసోసియేషన్ నుంచి నోటీసు వచ్చింది. 30 రోజుల కన్నా తక్కువకు అద్దెకివ్వకూడదని మా బైలాస్‌లో ఎప్పుడో రాసుకున్నారట. ఇల్లు కొన్నప్పుడు ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేనే, చదివితే కదా! బుకింగులన్నీ క్యాన్సిల్ చేసి డబ్బులు వెనక్కిచ్చాను.

పెట్టేబేడా: ముందు మీ ఊళ్లో ఏడాదికి ఎన్ని రాత్రులు ఇవ్వొచ్చో చూసుకోండి. లండన్‌లో 90 దాటితే ప్లానింగ్ పర్మిషన్ కావాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 60 ఉండేది, 2019లో 30 చేశారు. పారిస్‌లో సొంత నివాసానికి 120 ఉన్న పరిమితి 2025 నుంచి 90. దేశం రూల్ ఒకటైతే ఊరి రూల్ ఇంకొకటి కూడా కావచ్చు. జపాన్‌లో 2018లో అమల్లోకి వచ్చిన చట్టం ఏడాదికి 180 రోజులు ఇచ్చింది. క్యోటో మాత్రం నివాస ప్రాంతాల్లో జనవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకానే చాలంది. అంటే టూరిస్టులు తక్కువగా వచ్చే చలికాలంలో అన్నమాట. తెలివైనవాళ్లే!

గోడపిల్లి: సింగపూర్‌లో అయితే ఈ లెక్కలే అక్కర్లేదు. ప్రైవేట్ ఇంటిని కూడా 3 నెలల కన్నా తక్కువకు ఇవ్వకూడదు.

తాళంచెవి: @కిటికీసీటు, మీరు ఇంట్లో ఉండరు కదా, అది కూడా చూసుకోండి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి 30 రోజుల లోపు అతిథులకు ఇవ్వాలంటే సొంతదారు కూడా ఆ ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. రిజిస్ట్రేషన్ లేని ఇంటికి బుకింగ్ సైట్లు డబ్బు తీసుకోవడానికి కూడా లేదు.

బస్సుపాస్: నేను అతిథిగా పడ్డ పాట్లు చెప్తా. ముందురోజు ఇంటాయన మెసేజ్: "ఎవరైనా అడిగితే మా చుట్టాలమని చెప్పండి." అప్పుడే అర్థమైంది వ్యవహారం. లిఫ్ట్‌లో ఒక పెద్దావిడ పలకరిస్తే మేం సర్దుకునే లోపు మా బుడ్డోడు "మేం ఫోన్‌లో బుక్ చేసుకున్నాం" అనేశాడు. సాయంత్రానికి సెక్యూరిటీ వచ్చి సామాన్లు సర్దుకోమన్నాడు. రాత్రి పదింటికి పిల్లలతో హోటల్ వెతుక్కోవడం ఎంత టెన్షనో అడక్కండి. ఇప్పుడు లిస్టింగ్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ లేకపోతే, అది తప్పనిసరి అయిన ఊళ్లో, ఫొటోలు కూడా చూడను.

మూడోఅంతస్తు: ఇంటి ఇన్సూరెన్స్ కూడా ఒకసారి చదవండి. డబ్బు తీసుకుని ఉంచుకున్న అతిథి వల్ల నష్టం జరిగితే చాలా పాలసీలు వర్తించవు. ఇల్లు అద్దెదైతే ఓనర్ ఒప్పుకోలు రాతలో తీసుకోండి.

కిటికీసీటు: బైలాస్ పుస్తకం బీరువా అడుగున దొరికింది. "దీర్ఘకాలిక అద్దెదారులకు మాత్రమే" అని ఉంది. దీర్ఘకాలికం అంటే ఎన్నాళ్లో ఎక్కడా లేదు! సెక్రటరీ గారిని అడగాలి.

మూడోఅంతస్తు: నోటితో కాదండీ, మెయిల్‌లో అడగండి. మా సెక్రటరీ గారు నోటితో "పర్లేదు లెండి" అన్నవారే, నోటీసు మీద సంతకం కూడా ఆయనదే.