ఔట్‌రన్ అనే మాటని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
బెంగళూరులో, మారతహళ్ళిలో ఉంటాం. రాత్రిపూట మా పాపకి ఇంగ్లిష్ కథల పుస్తకం తెలుగులో చెప్తుంటాను. నిన్న కుందేలు కుక్కని 'ఔట్‌రన్' చేసిన చోట, అంటే దానికంటే వేగంగా పరిగెత్తిన చోట, నోరు ఆగిపోయింది. 'అధిగమించింది' అంటే, వార్తలు చదువుతున్నావా నాన్నా అని ఒకటే నవ్వు. పోనీ 'ఓవర్‌టేక్ చేసింది' అందామా అంటే కుందేలు ముందే ఉందాయె, కుక్కే వెనకాల! ఆఫీసులో కన్నడ ఫ్రెండుని అడిగితే వాళ్ళకి 'హిందిక్కు' ఉందట, అంటే వెనక్కి పెట్టెయ్యడం. మనకి అలాంటిది లేదా?

కోరమంగళ కుర్రాడు:
ఉంది గానీ వేరే దారి పట్టింది. 'నాలుగు రాళ్ళు వెనకేశాడు' అంటే డబ్బు కూడబెట్టాడని, 'కొడుకుని వెనకేసుకొచ్చింది' అంటే వాడి తప్పుకి వత్తాసు పలికిందని. పేపర్లలో మాత్రం 'జనాభాలో చైనాను వెనక్కి నెట్టిన భారత్' అని 2023లో తెగ రాశారు. నేనైతే బస్సుని 'దాటేశాను' అంటాను. ట్రాఫిక్ జామ్‌లకి పేరుపడ్డ మా సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ఎవరూ ఎవర్నీ దాటలేరు, అది వేరే సంగతి.

పదాల పిచ్చి:
'దాటెయ్యడం'తో జాగ్రత్త, 'మాట దాటేశాడు' అంటే జవాబు చెప్పకుండా తప్పించుకున్నాడని. అసలు దేన్ని దాటుతున్నామో దాన్నిబట్టి మాట మారుతుంది: అడ్డంకుల్ని అధిగమిస్తాం, నిబంధనల్ని అతిక్రమిస్తాం, ఖర్చులు జీతాన్ని మించిపోతాయి. 2009లో బెర్లిన్‌లో బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తినప్పుడు కూడా పక్కవాళ్ళని దాటాడు, రికార్డుని బద్దలుకొట్టాడు. ఇంకో సంగతి, సంస్కృతంలో 'అధిగమ' అంటే పొందడం, సంపాదించడం. మించడమనే అర్థంలో వాడుతున్నది మనం.

చిత్తూరు చిన్నోడు:
మీరంతా కుందేలు వైపు నుంచే చూస్తున్నారు, కుక్క వైపు నుంచి చెప్పండి సార్. మా అవ్వైతే 'కుక్క ఎంత తరిమినా కుందేలు అందలా' అనేది. పుస్తకం భాష కావాలంటే 'కుక్కకి అందకుండా పరిగెత్తింది'. తరిమేవాడుంటే 'అందకపోవడం', పందెమైతే 'దాటడం'. ఒక్క ఇంగ్లిష్ మాటకి ఒక్క తెలుగు మాటే ఉండాలని ఎవరన్నారు?

ప్రశ్న అడిగినాయన:
'ఎంత తరిమినా అందలా' అని మీ యాసలోనే చెప్పాను, పాప ఊ కొట్టింది. తర్వాతి కథ తాబేలుది. అక్కడ 'దాటింది' అనొచ్చు, కుందేలు ఎలాగూ నిద్రపోతుంటుంది కదా.