పైథాన్ లాగింగ్‌లో సొంత లెవెల్: 25కి నోటీస్ అని పేరు పెట్టాను, కానీ...

రాత్రిబండి: మా బిల్లుల జాబ్ తెల్లవారుజామున నడుస్తుంది. ఎన్ని బిల్లులు వెళ్లాయో చెప్పే ఒక్క లైను పొద్దున్నే కనబడాలి. లాగ్‌లో (ప్రోగ్రాం తను చేసే పనిని లైన్లుగా రాసుకునే రికార్డులో) ప్రతి లైనుకీ దాని ప్రాముఖ్యం చెప్పే లెవెల్ నంబరు ఉంటుంది కదా. ఇన్ఫో (20)లో పెడితే వేల లైన్లలో కలిసిపోతోంది. వార్నింగ్ (30)లో పెడితే డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్ మోగుతోంది. అందుకే మధ్యలో 25 తీసుకుని, యాడ్‌లెవెల్‌నేమ్‌తో నోటీస్ అని పేరు పెట్టి, లాగర్ క్లాసుకి అదే పేరుతో మెథడ్ తగిలించాను. ఇప్పుడు ఎక్కడినుంచి పిలిచినా లాగ్‌లో పిలిచిన చోటుకి బదులు ‘యుటిల్స్, 14వ లైను’ అనే వస్తోంది. ఎవరికైనా ఇలా అయ్యిందా?

చింతచిగురు: నాకు ఒక పూట పోయింది దీనికి. ఆ 14వ లైను మీరు తగిలించిన మెథడే అయ్యుంటుంది చూడండి. పిలిచిందెవరో వెతికేటప్పుడు లాగింగ్ తన సొంత ఫైలును దాటేస్తుంది, మీ ఫైలును దాటదు. మెథడ్ లోపల స్టాక్‌లెవెల్ 2 ఇవ్వండి, అంటే ఒక మెట్టు పైకెళ్లి పిలిచినవాళ్లను చూపమని. పైథాన్ 3.8 నుంచి ఉంది.

రాత్రిబండి: వచ్చేసిందండీ! థాంక్స్.

కాలవగట్టు: ఆ కోడ్ మీ అప్లికేషన్‌లోనే ఉందా, నలుగురూ వాడే లైబ్రరీలోనా? లైబ్రరీ అయితే వద్దు. పైథాన్ డాక్యుమెంటేషనే అది చాలా చెడ్డ ఆలోచన కావచ్చు అంటుంది. మా ఆఫీసులో రెండు లైబ్రరీలు 25నే పట్టుకున్నాయి. ఒకటి సక్సెస్ అంది, ఇంకోటి నోటీస్ అంది. పేర్ల పట్టిక ప్రాసెస్ మొత్తానికి ఒక్కటే కాబట్టి చివర్లో రాసినవాడిదే రాజ్యం. ఎవరో ఇంపోర్ట్‌ల వరస సర్దారు, అంతే, ‘సక్సెస్’ కోసం కాచుకున్న అలర్ట్ మూగబోయింది. మూడు రోజులు ఎవరికీ తెలియలేదు.

పెసరట్టు: అసలు లెవెల్ ఎందుకండీ? ఆ లైనుకి వేరే లాగర్, దానికో హ్యాండ్లర్ (లైన్లను చేరాల్సిన చోటికి పంపేది), ఇన్ఫోలోనే. మేం అలాగే చేశాం, గొడవ లేదు.

రాత్రిబండి: అప్లికేషన్‌లోనేనండీ, లైబ్రరీ కాదు. కానీ ఇంకో వింత. నిన్న రాత్రి నోటీస్‌కి కూడా ఫోన్ మోగింది!

చింతచిగురు: లాగ్‌లు సిస్‌లాగ్‌హ్యాండ్లర్ (సిస్టమ్ లాగ్ సేవ సిస్‌లాగ్‌కి పంపే హ్యాండ్లర్) మీదుగా వెళ్తున్నాయా?

రాత్రిబండి: అవును.

చింతచిగురు: దొరికింది. దాని పట్టికలో (ప్రయారిటీమ్యాప్) పైథాన్ మామూలు లెవెల్ పేర్లు అయిదే ఉంటాయి. తెలియని పేరు వస్తే వార్నింగ్ కింద పంపేస్తుంది. తమాషా ఏంటంటే సిస్‌లాగ్‌కి నోటీస్ ముందునుంచీ తెలుసు, అక్కడ దాని నంబరు 5. హ్యాండ్లర్‌ను సబ్‌క్లాస్ చేసి ప్రయారిటీ‌మ్యాప్‌లో మీ నోటీస్‌ను దానికి జతచేయండి.

రాత్రిబండి: చేశాను. ఈ రాత్రి డ్యూటీ నాదే, ఫోన్ మోగితే తిట్టుకునేది కూడా నేనే.