ఆల్బేనియా తీరం ఇంకా చౌకేనా, లేక వీడియోల మాయా?

లెక్కలోడు:
మేం నలుగురం జర్మనీలో చదువుకుంటున్నవాళ్లం. గ్రీసు రేట్లు చూసి కళ్లు తిరిగి, పక్కనే కదా అని ఆగస్టు రెండోవారం ఆల్బేనియాలో క్సమిల్ వెళ్లాం. నీళ్లు అద్దమే, కాదనను. కానీ ఒడ్డున ఇసుక కనబడితే ఒట్టు. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పడక కుర్చీలు, గొడుగులు. రెండు కుర్చీలకీ ఒక గొడుక్కీ 40 యూరోలు. పోనీలే అని తువ్వాలు పరుచుకుంటే ఒకాయన వచ్చి లేవమన్నాడు. గది 90. యూరప్‌లో అతి చౌక సముద్రమట! ఎవరికి చౌక?

సంచిభుజాన:
తమ్ముడూ, సంక్రాంతి ముందురోజు హైదరాబాద్‌లో విజయవాడ బస్సెక్కి, ఆంధ్రాకి టికెట్లు మహా ఖరీదు అన్నట్టుంది. నువ్వెళ్లింది తప్పు నెల, తప్పు ఊరు. నేను సెప్టెంబరు ఆఖర్లో సరాండా నుంచి హిమారా బస్సెక్కి దారిలో బోర్ష్‌లో దిగాను. దాదాపు 7 కిలోమీటర్ల గులకరాళ్ల ఒడ్డు, వెనక కొండ నిండా ఆలివ్ చెట్లు. మేడమీద గది 25 యూరోలు. పొద్దున్నే ఇంటావిడ పళ్లెంలో అంజూర పళ్లు పెట్టి తెచ్చింది. డబ్బులివ్వబోతే తల అడ్డంగా ఊపింది. ఆ ఊళ్లలో పెద్దవాళ్లు అలా ఊపితే అవునని అర్థం అని ఎక్కడో చదివానుగా, ఇవ్వమంటోందో వద్దంటోందో తేలక జేబులో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాను. వద్దనేనట.

లెక్కలోడు:
అన్నా, సెలవులు ఆగస్టులోనే ఇస్తే సెప్టెంబరులో ఎలా వెళ్లమంటావ్?

భీమిలి పాప:
ఇద్దరూ లెక్ (అక్కడి డబ్బు) సంగతి వదిలేశారు. కొన్నేళ్ల కిందట యూరోకి 120 లెక్‌లు వచ్చేవి, ఇప్పుడు 100 దగ్గర ఆడుతోంది. అక్కడి షాపువాడు పైసా పెంచకపోయినా యూరోలు పట్టుకెళ్లేవాడికి పెరిగినట్టే. పాత వీడియోలు నమ్మి వెళ్లినవాళ్లకి దెబ్బ తగిలేది ఇక్కడే. దానికి తోడు ఏటీఎంలో తీసిన ప్రతిసారీ వందల లెక్‌లు చార్జీ. చిన్నచిన్నగా తీయకుండా ఒక్కసారే తీసుకోండి.

ఇంకోటి. బ్యురెక్ (పాలకూరో, జున్నులాంటిదో పెట్టి పొరలు పొరలుగా కాల్చేది) ఎంత అంటే బేకరీ తాత వెయ్యి అన్నాడు. నాకు గుండె జారింది. తీరా తీసుకున్నది 100. ఆ దేశంలో 1965లో కరెన్సీలో ఒక సున్నా తీసేశారు. నోట్ల మీద పోయింది గానీ జనం నోట్లోంచి పోలేదు. తెలియక వెయ్యీ ఇచ్చేసినవాళ్లు ఎంతమందో!

కూకట్‌పల్లి గృహస్థు:
మీరందరూ యూరప్‌లో ఉండి మాట్లాడుతున్నారు. ఇక్కడ్నుంచి ఇద్దరు పిల్లలతో బయల్దేరేవాడికి విమానం టికెట్లకే సగం పోతుంది. బ్యురెక్ వంద లెక్‌లైతే నాకేం ఒరిగింది? పైగా మాది శాకాహారం.

సంచిభుజాన:
గృహస్థు గారూ, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆల్బేనియా ఒక్కదానికోసమే ఇండియా నుంచి వెళ్లడం చౌక కానే కాదు. గ్రీసు ఎలాగూ వెళ్తుంటే కలుపుకోవాలి. కోర్ఫు అనే గ్రీకు దీవి నుంచి వేగం పడవలో సరాండా అరగంటే. గ్రీసు గడియారం గంట ముందు కాబట్టి 9కి ఎక్కితే 8:30కి దిగుతారు. పిల్లలకి భలే సరదా. తిండికి ఫెర్గెస్ ఉంది, టమాటా, మిరప, జున్ను వేసి వండుతారు. మాంసం వేసే రకం కూడా ఉంటుంది, అడిగి తీసుకోండి. పిలాఫ్ మాత్రం చూడ్డానికి ఉత్త అన్నమే, చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లలో వండుతారు.

భీమిలి పాప:
గృహస్థు గారూ, ముందు వీసా చూసుకోండి. గడువు ఉన్న మల్టిపుల్ ఎంట్రీ (మళ్లీ మళ్లీ వెళ్లి రానిచ్చే) షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది, ఒకసారైనా వాడినది అయితే ఆల్బేనియాకి వేరే వీసా అక్కర్లేదు. సింగిల్ ఎంట్రీతో కోర్ఫులో పడవెక్కారో, మళ్లీ గ్రీసులోకి రానివ్వరు. ఆల్బేనియా షెంగెన్‌లో లేదు. పడవ టికెట్టు కొనేముందు వీసా మీద మల్టిపుల్ అని ఉందో లేదో చూసుకోండి.

లెక్కలోడు:
సరే, క్సమిల్ నుంచి ఆల్బేనియా మొత్తానికి తీర్పివ్వడం నా తప్పే. కానీ సంచి అన్నా, నీ బోర్ష్‌లో కారు లేనివాడి గతేంటి? అటు వెళ్దామని సరాండాలో ఫుర్గాన్ (చిన్న వ్యాను) కోసం గంటన్నర ఎండలో నిలబడ్డాం. అచ్చం మన షేర్ ఆటో, నిండితే గానీ కదలదు. చివరికి టాక్సీకి 50 యూరోలు వదిలాయి. చవకలో దొరికిన గదికి చేరడానికే ఆ డబ్బయితే ఇక మిగిలేదేముంది?

సంచిభుజాన:
పొద్దున 8 లోపు స్టాండులో ఉండాలి తమ్ముడూ. తర్వాత ఎండా టాక్సీ రెండూ తప్పవు. నేనూ మొదటిరోజు టాక్సీకే ఇచ్చాను, ఎంతో మాత్రం అడక్కు.