ఆరు వారాలుగా ఫ్రెండ్‌తో పరిగెడుతున్నా, నంబర్లు మాత్రం కదలట్లేదు

ఎనిమిది కాలమ్స్:

నాకు 34 ఏళ్లు. చదువు అయిపోయాక ఒంటికి చెమట పట్టే పని చేసింది లేదు. ఆరు వారాల కింద నా ఫ్రెండ్ "పొద్దున్నే పరిగెడదాం రావే, ఒక్కదాన్నే అయితే బద్ధకంగా ఉంది" అని లాక్కెళ్తే మొదలైంది. వారానికి నాలుగు రోజులు, ఎప్పుడూ ఒకే దారి, 3 కిలోమీటర్లు. జలుబు చేసిన రెండు రోజులు తప్ప మానలేదు.

మొదటి రోజే ఒక ఎక్సెల్ షీట్ పెట్టాను. బరువు, నడుము, అడుగులు, నిద్ర, కేలరీలు, పేస్ (కిలోమీటరుకి పట్టే సమయం), పడుకున్నప్పటి హార్ట్ రేట్, వాచ్ చూపించే వీఓటూ మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే అంకె). బరువు 71తో మొదలై మధ్యలో 70.2 అయింది, ఇవాళ 71.4. వీఓటూ మ్యాక్స్ ఉన్నచోటే ఉంది. 3 కిలోమీటర్లకి మొదటి వారం 26 నిమిషాలు పట్టింది, ఇప్పుడూ 26. పరిగెత్తేటప్పుడు హార్ట్ రేట్ 175 చూపిస్తోంది. 220లోంచి వయసు తీసేస్తే నాకు గరిష్ఠం 186 అట కదా, అంటే నేను రోజూ అంచుదాకా వెళ్లొస్తున్నానా అని టెన్షన్.

ఇంకో సంగతి. నా ఫ్రెండ్ చిన్నప్పుడు వాలీబాల్ ఆడేది, కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో హాయిగా వెళ్లిపోతుంది. మొదటి కిలోమీటరు ఎలాగో పక్కనే ఉంటాను, రెండోదానికి నోట మాట రాదు, మూడోది దాదాపు నడకే. చివర్లో తను నిలబడి నాకోసం చూస్తూ ఉంటుంది, అది చూస్తే ఇంకా సిగ్గేస్తుంది. నేను కొలిచేదాంట్లో తప్పుందా, పరిగెత్తేదాంట్లోనా? తనతో మానేసి ఒక్కదాన్నే వెళ్లాలా? ఒక్కదాన్నే అయితే మూడో రోజుకే మానేస్తానని కూడా నాకు తెలుసు.

లెక్కల పిచ్చి:

ముందు బరువు సంగతి తేలుద్దాం, ఎందుకంటే ఎక్కువమంది అక్కడే నీరసపడి మానేస్తారు. పరుగులో ఖర్చయ్యేది మోటుగా కిలో బరువుకి, కిలోమీటరుకి ఒక కేలరీ. మీ 71 కిలోలకి 3 కిలోమీటర్లంటే 213. వారానికి నాలుగు రోజులు, 852. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కావాలి. అంటే తిండిలో ఏమీ మార్చకపోతే ఒక్క కిలోకి తొమ్మిది వారాలు! మీ ఆరు వారాలకి ముప్పావు కిలో కూడా రాదు. అదీ పరిగెత్తాక ఆకలేసి రెండు ముద్దలు ఎక్కువ తినకపోతేనే, నేనైతే తింటాను.

ఈలోగా కాటా మీద అటూఇటూ కిలో, కిలోన్నర తేడా నీళ్లవల్లే వస్తుంది. ఉప్పు ఎక్కువ తిన్న మర్నాడు చూడండి. పైగా వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కండరాలు గ్లైకోజెన్ (నిల్వ పిండిపదార్థం) ఎక్కువ దాచుకుంటాయి, ఒక్కో గ్రాముతోపాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లు కూడా. కాబట్టి 71.4 చూసి ఏడవకండి. రోజూ చూడాలనిపిస్తే చూడండి కానీ ఏడు రోజుల సగటు ఒక్కటే రాయండి.

అడుగుల కాలమ్ తీసేయండి. రోజుకి 10,000 అడుగులు నడవాలన్న లెక్క డాక్టర్లు కూర్చుని తేల్చింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటర్ పేరే "పదివేల అడుగుల మీటర్" అని అర్థం వచ్చేది, అక్కడినుంచి ఊరంతా పాకింది.

నిదానస్తుడు:

నాకు మీ షీట్‌తో పెద్ద గొడవ లేదండీ, మీరు మొదటి కిలోమీటరు పరిగెడుతున్న తీరుతోనే గొడవ. మీరు చెప్పినదాన్నిబట్టి మూడు కిలోమీటర్లకి సుమారు ఆరున్నర, ఎనిమిదిన్నర, పదకొండు నిమిషాలు పడుతూ ఉండాలి, కలిపితే 26. రోజూ మొదటి కిలోమీటరుకే ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేస్తే మిగతా రెండింటికి ఏం మిగుల్తుంది? అదే 26 నిమిషాలు కిలోమీటరు ఎనిమిది నిమిషాల 40 సెకన్ల చొప్పున ఒకే తీరుగా వెళ్లి చూడండి, చివర్లో ఆయాసం లేకుండా వస్తారని నా నమ్మకం. మరీ మెల్లగా ఉందనిపిస్తుంది, పక్కన నడిచేవాళ్లు దాటిపోతారేమో అనిపిస్తుంది, పోనివ్వండి.

పరుగులో తేలిక, కష్టం తెలుసుకోవడానికి వాచ్ కంటే పాత పద్ధతి ఒకటుంది, మాట. పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే తేలిక పరుగు. మూడు నాలుగు మాటలకి ఊపిరి కావాల్సి వస్తే గట్టి పరుగు. మొదలుపెట్టినవాళ్లు ఎక్కువ భాగం మొదటి రకంలోనే ఉండాలి. ఒంటరిగా పరిగెత్తేవాళ్లు తమలో తామే మాట్లాడుకుంటూ పిచ్చోళ్లలా కనిపించాలి, మీకు పక్కన మనిషే ఉంది! ఆమెని వదిలేయడమేంటండీ, నిన్న ఆఫీసులో ఏమైందో చెప్పమనండి, మీరూ చెప్పండి. మీ మాట తెగిందంటే ఇద్దరూ తగ్గాలి.

ఆమెకి అంత మెల్లగా విసుగనిపిస్తే ఒక ఉపాయం ఉంది. ఇద్దరూ ఒకేచోట మొదలుపెట్టి, ఎవరి వేగంలో వాళ్లు 13 నిమిషాలు వెళ్లండి. 13 కాగానే ఎవరెక్కడుంటే అక్కడే వెనక్కి తిరగండి. తను దూరం వెళ్తుంది, మీరు తక్కువ వెళ్తారు, కానీ తిరిగి దాదాపు ఒకేసారి చేరతారు. ఎవరూ ఎవరికోసం నిలబడి చూడక్కర్లేదు. మీ సిగ్గు సగం అక్కడే పోతుంది. వారంలో రెండు రోజులు ఇలా, రెండు రోజులు కబుర్ల పరుగు.

ఒకే తీరుగా పరిగెత్తడం అస్సలు కుదరకపోతే నడక కలపండి, తప్పేం లేదు. 1996లో జాష్ క్లార్క్ రాసిన కౌచ్ టు ఫైవ్‌కే (కదలకుండా కూర్చునేవాళ్లని 5 కిలోమీటర్లు పరిగెత్తించే) ప్లాన్ మొదటి వారమంతా అదే: ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అలా 20 నిమిషాలు. వారానికి మూడు రోజులు, తొమ్మిది వారాలు. అలసిపోయాక నడవడం వేరు, అలసిపోకముందే నడవడం వేరు. మీరు చేస్తున్నది మొదటిది.

ఫ్రెండ్‌కి నచ్చజెప్పడానికి ఒక మాట. 2019 అక్టోబరులో వియన్నాలో కెన్యా రన్నర్ కిప్‌చోగె 1:59:40లో మారథాన్ దూరం పూర్తిచేసినప్పుడు 41 మంది పేస్‌మేకర్ల (వేగం తప్పకుండా తోడు పరిగెత్తేవాళ్ల) బృందం వంతులవారీగా సాయపడింది. అందరూ అనుకున్న వేగాన్ని పట్టుకునే వెళ్లారు, ఒక్కడూ తన సత్తా చూపిద్దామని ముందుకి ఉరకలేదు. తోడు పరిగెత్తడం కూడా ఒక పనే అని చెప్పండి.

చెయ్యి చూసేవాడు:

పైవాళ్లతో సగమే ఒప్పుకుంటాను. కాలమ్ తీసేయండి, వాచ్ కంటే మాటే నయం అంటే ఎలా, ఆవిడకి అంకెలంటే ఇష్టం ఉంది, ఆ ఇష్టంతోనే ఆరు వారాలు లాగిందేమో కూడా. ఏ అంకెని నమ్మాలో తెలిస్తే చాలు.

ఆ 175 మీద నాకు అనుమానం. మణికట్టు వాచ్ చర్మంలోకి ఆకుపచ్చ లైటు వేసి రక్తం కదలికని పట్టుకుంటుంది. పరిగెత్తేటప్పుడు చెయ్యి ఊగుతుంది, పట్టీ వదులుగా ఉంటే అది గుండె బదులు అడుగులనే లెక్కపెట్టేస్తుంది. పరుగులో నిమిషానికి 160 నుంచి 180 అడుగులు మామూలే, మీ 175 సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది చూశారా? పట్టీ కొంచెం బిగించి, మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైకి జరిపి పెట్టుకోండి. ఒకరోజు పరుగు ఆపిన వెంటనే మెడ పక్కన వేళ్లుపెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిజం తెలిసిపోతుంది. ఛాతీకి కట్టే పట్టీ అయితే గుండె విద్యుత్తునే చదువుతుంది కాబట్టి ఈ గొడవ తక్కువ.

220 మైనస్ వయసు కూడా జనం సగటే. ఒక్కో మనిషి దగ్గర అటో ఇటో పది పన్నెండు తేడా రావడం సాధారణం, మీ గరిష్ఠం 175 అయినా కావచ్చు, 198 అయినా కావచ్చు.

నన్నడిగితే రెండు ఉంచుకోండి. పొద్దున లేవగానే హార్ట్ రేట్, వారం సగటు. ఇంకోటి, నెలకోసారి అదే దారిలో, మాట్లాడగలిగే వేగంతోనే 3 కిలోమీటర్లకి ఎంత పట్టిందో. వీఓటూ మ్యాక్స్ వాచ్ నేరుగా కొలిచేది కాదు, పేస్‌నీ హార్ట్ రేట్‌నీ కలిపి వేసే అంచనా. హార్ట్ రేటే తప్పయితే అదీ తప్పే.

ఎనిమిది కాలమ్స్:

అందరికీ థాంక్స్, ముఖ్యంగా కిలోకి తొమ్మిది వారాల లెక్కకి, ఏడవాలో నవ్వాలో తెలీలేదు. ఒక డౌట్: పది రోజులుగా మోకాలికి కిందగా, కాలి ముందు ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి. పరుగు మొదట్లో ఉంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. పరిగెత్తొచ్చా?

నిదానస్తుడు:

కొత్తవాళ్లకి తరచూ వచ్చేదే, షిన్ స్ప్లింట్స్ అంటారు. ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గుతుంది, ఎముకలకి, స్నాయువులకి మాత్రం నెలలు పడుతుంది, మీరు ఊపిరి మాట విని కాళ్లని తొందరపెట్టారు. ఒక వారం పరుగు ఆపి నడవండి, తర్వాత తక్కువ దూరంతో మొదలుపెట్టండి. కానీ వేలితో నొక్కితే ఒకేఒక్క చోట చురుక్కుమంటున్నా, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటున్నా అది వేరే లెక్క, ఎముకలో సన్న చీలిక కావచ్చు, డాక్టర్‌కి చూపించాల్సిందే. పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వస్తే అసలు ఆలోచించకండి, ఆగిపోయి వెళ్లండి.

ఎనిమిది కాలమ్స్:

మూడు వారాల తర్వాత వచ్చాను. నొప్పి ఒకచోట కాదు, పొడుగునా ఉండేది, వారం నడిచాక తగ్గింది.

ఫ్రెండ్‌తో మాట్లాడాను. ఏమందో తెలుసా, "నువ్వు మొదటి కిలోమీటరులో నా పక్కనుంచి కదలవు కదా, నీకు స్పీడే ఇష్టమనుకుని నేనూ తగ్గలేదు, నాకూ చివర్లో పిక్కలు పట్టేస్తున్నాయి" అంది. ఆరు వారాలు ఒకరికోసం ఒకరం రొప్పుకుంటూ పరిగెత్తామన్నమాట. ఇప్పుడు మంగళవారం, శనివారం 13 నిమిషాల తిరుగుడు, మిగతా రెండు రోజులు కబుర్లు. నిన్న కబుర్ల రోజున అదే 3 కిలోమీటర్లు 25 నిమిషాల 10 సెకన్లు, నడవకుండా. తన అత్తగారి సంగతులు మొత్తం పూర్తయ్యాయి. బరువు 71 దగ్గరే ఉంది. షీట్‌లో రెండు కాలమ్స్ ఉంచాను, సరే, మూడు, నిద్రది తీయబుద్ధి కాలేదు.

చెయ్యి చూసేవాడు:

మెడ దగ్గర చూశారా మరి?

ఎనిమిది కాలమ్స్:

చూశాను. వాచ్ 174 అంది, వేళ్లకి 15 సెకన్లలో 38 తగిలాయి, అంటే 152. ఆగాక కాస్త తగ్గి ఉంటుందిలెండి, అయినా అంత తేడానా! పట్టీ రెండు రంధ్రాలు బిగించాక రెండూ దగ్గరదగ్గరగా వస్తున్నాయి.