థెర్మోపిలే కనుమలో గోడ ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ పనికిరాలేదు?

ప్రశ్న:
క్రీ.పూ. 480లో స్పార్టా రాజు లియోనిదాస్ సైన్యం పర్షియన్లను ఆపిన, గ్రీసులోని థెర్మోపిలేను ఉపగ్రహ చిత్రంలో చూస్తే కొండకూ సముద్రానికీ మధ్య కిలోమీటర్ల కొద్దీ చదునైన నేల కనిపిస్తోంది. ఇంత మైదానానికి ఒక్క గోడ అడ్డం ఎలా అయింది? దాన్ని కట్టింది స్పార్టా వాళ్లేనా?

జవాబు 1:
ఆ చదును నేల అప్పుడు లేదండీ, అక్కడ సముద్రం ఉండేది. స్పెర్ఖియోస్ నది తెచ్చిన ఒండ్రు పేరుకుని తీరం ఉత్తరానికి జరిగిపోయింది. ఇప్పటి పటం మీద కొలిస్తే లెక్క తప్పుతుంది.

ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ప్రకారం దారి సుమారు 15 మీటర్ల వెడల్పు. అంతకంటే ఇరుకు చోట్లు రెండున్నాయి: పడమర ఆంథెలే దగ్గర, తూర్పున అల్పెనోయ్ దగ్గర. అక్కడ ఒక్క బండి మాత్రమే పట్టేది. అయినా గోడ లేచింది ఈ రెండింటి నడుమ, ఎందుకంటే అక్కడే కొండ నిట్టనిలువుగా ఉంది. బాట ఎంత ఇరుకైనా పక్కనున్న వాలు ఎక్కగలిగేదైతే లాభం లేదు.

జవాబు 2:
గోడ స్పార్టాది కాదు, ఫోకిస్ అనే గ్రీకు ప్రాంతం వాళ్లది. ఉత్తరాన ఉన్న థెస్సలీ వాళ్ల దాడులకు జడిసి ఎప్పుడో కట్టుకున్నారు. అంతటితో ఆగక, నేల కోసుకుపోయి గండ్లు పడాలని వేడినీటి ఊటలను దారి మీదికి మళ్లించారు. ('థెర్మో' అంటే వేడి, 'పిలే' అంటే ద్వారాలు.) 480 నాటికి గోడ చాలామటుకు కూలిపోతే గ్రీకులు మళ్లీ లేపారు.

కోటగోడలా పైనుంచి బాణాలు వేశారనుకోకండి. గోడ వెనక బస, ముందు ఇరుకులో వంతులవారీ పోరు. చివరి రోజు మిగిలినవాళ్లు గోడ దాటి వెనక్కి వచ్చి చిన్న దిబ్బ ఎక్కారు. 1939లో పురావస్తు శాస్త్రవేత్త మారినాటోస్ తవ్వకాల్లో ఆ దిబ్బ మీద బాణపు మొనలు బోలెడు దొరికాయి.

ప్రశ్న అడిగినవారు:
మరి అంత గట్టి చోటు ఎలా పోయింది?

జవాబు 3:
వెనకనుంచి. అనోపయా అనే కొండదారికి 1000 మంది ఫోకిస్ సైనికులను కాపలా పెట్టారు. రాత్రంతా నడిచొచ్చిన పర్షియన్లు తెల్లవారుజామున ఎండుటాకుల చప్పుడుతో పట్టుబడ్డారు. బాణాలు పడగానే, దాడి తమ మీదకే అనుకుని కాపలావాళ్లు శిఖరం ఎక్కేశారు. పర్షియన్లు వాళ్లను పట్టించుకోకుండా దిగిపోయారు. పర్షియన్లకు ఈ దారి చూపిన ఎఫియాల్టెస్ ద్రోహం గురించి అందరూ చెబుతారు గానీ, నా దృష్టిలో అసలు లోపం ఇదే: కాపలా ఉన్నది దారిని అడ్డుకోవడానికి, తమను తాము కాచుకోవడానికి కాదు.

క్రీ.పూ. 279లో గ్రీసు మీదికి వచ్చిన గాల్ తెగల సేనలూ కొండదారినే పట్టాయి. క్రీ.పూ. 191లో రోమన్లను ఆపడానికి సిరియా రాజు మూడో ఆంటియోకస్ కొత్తగా గోడ కట్టి, తన మిత్రులైన 2000 మంది ఏటోలియన్లను మూడు శిఖరాలకు పంచాడు. రోమన్ సేనాని కేటో రాత్రిపూట ఎక్కి, వాటిలో కల్లిడ్రోమోస్ మీది దళాన్ని చెదరగొట్టి కిందికి దిగేసరికి ఆంటియోకస్ సైన్యం పారిపోయింది.

క్రీ.శ. 6వ శతాబ్దంలో బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్ గోడ ఎత్తు పెంచడంతో సరిపెట్టలేదు. పక్కదారులు కూడా మూయించి, అప్పటిదాకా కాపలా కాస్తున్న స్థానిక రైతుల బదులు 2000 మంది సైనికులను పెట్టాడని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు.